దీపం దించని రోజు

నీలకంఠం పొద్దున్న కళ్ళు తెరవగానే ముందు చూసేది ఆకాశం. మబ్బు పట్టి ఉంటే ఆ రోజు పని రెండింతలని అర్థం. లేకపోతే మామూలు పనే, అదీ తక్కువేం కాదు. చూసి, లేచి కూర్చుని, నడుం మీద రెండు చేతులూ ఆనించుకుని కాసేపు అలాగే ఉండేవాడు. అప్పుడు వెనక పెరట్లోంచి అతని భార్య సన్యాసమ్మ, "లెగిసినారా?" అని అడిగేది. లేచానని చెప్పడానికి కూడా అతనికి బద్ధకంగా ఉండేది.

వాళ్ళది చోడవరం అవతల ఒక పల్లె. నలుగురు అన్నదమ్ములు పంచుకున్నాక అతని వంతుకి వచ్చిన చెక్క మీద ఏడాదిలో నాలుగు నెలల తిండి కూడా పండేది కాదు. పంతొమ్మిది వందల అరవై ఆరులో భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని విశాఖపట్నం వచ్చి, కంచరపాలెంలో ఒక గది అద్దెకు తీసుకుని, మున్సిపాలిటీలో మురుగు కాలవల పనిలో కూలీగా చేరాడు. ఎనిమిదో తరగతి చదివినవాడు కాబట్టి ఆరేళ్ళకి మేస్త్రీని చేశారు. చేతికింద పన్నెండుమంది. మగవాళ్ళు భూమి కింది మురుగు గొట్టాలు చూస్తారు, ఆడవాళ్ళు వాననీళ్ళు పోయే కాలవల్లో, వాగుల్లాంటి గెడ్డల్లో పూడిక తీస్తారు.

పల్లెకి వెళ్ళినప్పుడు అతని బావమరిది ఒకసారి చాటుకి తీసుకెళ్ళి చెప్పాడు. "బావా, ఎవులైనా అడిగితే మున్సిపాలిటీలో పని అని సెప్పు. ఆ పైన ఇంకేటీ సెప్పకు." నీలకంఠం అలాగే చెప్పేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే వీధి గుమ్మంలోంచి లోపలికి రాడు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్తే అక్కడ సన్యాసమ్మ వేణ్ణీళ్ళు తోడి ఉంచేది. రెండుసార్లు ఒళ్ళు రుద్దుకున్నా వాసన పోయిందని అతనికెప్పుడూ నమ్మకం కలగలేదు.

అతని పనివాళ్ళలో భూమి కిందికి దిగడంలో ఫ్రాన్సిస్‌ని మించినవాడు లేడు. జ్ఞానాపురం మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మేన్‌హోలు ఎంత ఇరుగ్గా ఉన్నా భుజాలు ముడుచుకుని లోపలికి జారిపోయేవాడు. గొట్టంలో ఏం అడ్డుపడిందో చేత్తో తడిమే చెప్పేసేవాడు, కొబ్బరి పీచా, గోనెసంచా, చచ్చిన కుక్కా అని. అందరిలాగే అతనూ తాగేవాడు. తాగకుండా ఆ గోతుల్లోకి దిగడం ఎవరి వల్లా కాదు, ఆ సంగతి పై ఆఫీసరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. అలాంటివాడు డెబ్భై ఆరులో, ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో, చర్చిలో ఫాదర్ ముందు నిలబడి ఇక ముట్టనని మాటిచ్చాడు. పోర్టులో బరువులెత్తే కలాసీగా చేస్తున్న అతని అన్న జోజి పక్కన నిలబడి, తమ్ముడికి నాది పూచీ అన్నాడు. ఆనాటి నుంచి ఫ్రాన్సిస్ సీసాకి బదులు ఒక లవంగం పంటికింద పెట్టుకుని దిగేవాడు.

"ఎలగుందిరా?" అని నీలకంఠం ఒకసారి అడిగాడు.

"మందు మానేసినాక కంపు బాగా తెలస్తంది మేస్త్రిగారూ," అన్నాడు ఫ్రాన్సిస్. "అదొక్కటే తేడా."

దిగేముందు చెయ్యాల్సిన పనులు కొన్ని ఉండేవి. అటూ ఇటూ ఉన్న మూతలు కూడా తీసి, లోపలి గాలి బయటికి పోయేదాకా ఒక గంట ఆగాలి. ఆ తర్వాత వెలుగుతున్న లాంతరుని తాడుకి కట్టి అడుగుదాకా దించాలి. దీపం ఆరిపోతే లోపల విషపు గాలి ఉన్నట్టు. ఆరకుండా పైకి వస్తే మనిషి దిగొచ్చు. నీలకంఠం కూలీగా ఉన్న రోజుల్లో పాత మేస్త్రీ నేర్పిన పద్ధతి ఇది. తను మేస్త్రీ అయ్యాక అయిదేళ్ళపాటు ఒక్కసారి కూడా తప్పలేదు.

డెబ్భై ఏడు ఆగస్టులో ఒక శనివారం తప్పాడు.

ఆ రోజు తెల్లవారి నుంచీ రెండు చోట్ల గొట్టాలు పూడిపోతే తీశారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అందరి కాళ్ళూ పీకుతున్నాయి. అన్నం తిందామని కూర్చోబోతుంటే ఓవర్సీరు శ్రీరామ్మూర్తి స్కూటరు మీద వచ్చాడు. అల్లిపురం దగ్గర ఒక వీధిలో మేన్‌హోలు పొంగి పెళ్ళిపందిరి ముందుకి మురుగు వచ్చేసిందట. సాయంత్రం పెళ్ళి. "గంటలో అయిపోవాలి నీలకంఠం," అని చెప్పి, స్కూటరు ఆపకుండానే వెళ్ళిపోయాడు.

వెళ్ళారు. మూత తీశారు. వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి లోపలికి తోసి చూస్తే మురుగు కొంత కిందికి దిగింది గాని అడ్డు కదల్లేదు. మనిషి దిగాల్సిందే. లాంతరు చూస్తే లేదు. సామాన్ల బండి అంతకుముందు పనిచేసిన వీధిలోనే ఉండిపోయింది.

"నానెల్లి తెచ్చేత్తాను, పావుగంట," అన్నాడు వరహాలు. నీలకంఠం తర్వాత ఆ పనివాళ్ళలో పెద్దవాడు అతనే.

నీలకంఠం గోడకి చేరబడి నిలబడ్డాడు. పందిట్లోంచి పెళ్ళివాళ్ళు ముక్కుకి గుడ్డలు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. పావుగంట లాంతరుకి, గంట గాలికి, ఆపైన పని. ఇల్లు చేరేసరికి ఏ వేళవుతుందో లెక్కేసుకున్నాడు. "ఒద్దులే," అన్నాడు. "పొంగుతున్నదే కదా, గాలేటుంటాది. దిగిపోతాడు."

ఫ్రాన్సిస్ ఒక్కసారి అతని మొహంకేసి చూశాడు. నడుంకి తాడు కట్టించుకుని, లవంగం నోట్లో వేసుకుని దిగాడు.

అయిదు నిమిషాలకి తాడు వదులైంది. పిలిస్తే పలకలేదు. నలుగురూ కలిసి లాగారు. ఇనప మెట్టు దగ్గర భుజం ఇరుక్కుపోయి మనిషి పైకి రాలేదు. వరహాలు ముక్కుకి తడిగుడ్డ చుట్టుకుని సగందాకా దిగి, ఆ భుజాన్ని తప్పించి, పైకి వచ్చి వాంతి చేసుకున్నాడు. రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. దారి పొడుగునా ఫ్రాన్సిస్ తల నీలకంఠం ఒళ్ళోనే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు.

సోమవారం పొద్దున్న శ్రీరామ్మూర్తి పిలిపించాడు. టేబుల్ మీద ఒక కాగితం రాసి సిద్ధంగా ఉంది. సదరు పనివాడు మద్యం సేవించి ఉన్నందున పట్టు తప్పి లోపల పడి మరణించినట్టు, మేస్త్రీ స్వయంగా చూసినట్టు.

"ఆడు మానేసినాడు సార్," అన్నాడు నీలకంఠం.

"తాగుతాడని ఊరందరికీ తెలుసు. మానేశాడని ఎంతమందికి తెలుసు?"

నీలకంఠం ఆ కాగితాన్ని మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

"పోనీ నువ్వు లాంతరు దించావా? చెప్పు, అదే రాద్దాం."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. శ్రీరామ్మూర్తి గొంతులో కోపం లేదు. ఒక రకంగా జాలే ఉంది. "ఇద్దరు పిల్లలు నీకు. సంతకం పెట్టి వెళ్ళు," అన్నాడు.

పెట్టాడు. ఆ పూట తనకి కలిగింది భయం కాదని నీలకంఠానికి తర్వాత చాలాసార్లు అనిపించింది. భయపడ్డానికి కూడా ఓపిక కావాలి. ఆ గదిలోంచి ఎలాగోలా బయటపడి ఎక్కడైనా కూర్చోవాలనిపించింది, అంతే.

తాగి చచ్చిపోయినవాడి ఇంట్లోవాళ్ళకి పర్మనెంటు ఉద్యోగం ఇవ్వడానికి వీల్లేదన్నారు. నెల తిరిగాక ఫ్రాన్సిస్ భార్య ఆరోగ్యమ్మ పూర్ణా మార్కెట్టు వెనక ఉన్న రేకుల షెడ్డు దగ్గరికి వచ్చి నిలబడింది. హాజరు పిలిచేది అక్కడే. చంకలో ఏమీ లేదు, చేతిలో ఏమీ లేదు. "ఏదైనా పని ఇప్పించండి బాబూ," అంది. నీలకంఠం ఆఫీసుకి రెండుమూడుసార్లు తిరిగి, రోజుకూలీ కింద ఆమెని తన దగ్గరే పెట్టించాడు. ఏదో కొంత రుణం తీర్చుకున్నానని ఆ రోజు అనుకున్నాడు. మర్నాడు హాజరు పిలిచినప్పుడు ఆ పేరు దగ్గర నోరు ఆగిపోయింది.

"ఆరోగ్యమ్మ."

"ఉన్నాను బాబూ."

ఆ తర్వాత ఏడేళ్ళు రోజూ పిలిచాడు. రోజూ ఆమె ఉన్నాననే చెప్పింది. మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. ఊరు పెరిగింది. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారని ఎక్కడెక్కడివాళ్ళో వచ్చిపడ్డారు. ద్వారకా నగర్ వైపు ఇళ్ళ మీద ఇళ్ళు లేచాయి. గొట్టాలు మాత్రం పాతవే. మూడిళ్ళ మురుగు పోయే గొట్టంలో ముప్పై ఇళ్ళ మురుగు పోవాల్సి వచ్చింది. ఇంటివాళ్ళు, "ఇప్పుడా రావడం?" అని విసుక్కునేవారు. మంచినీళ్ళు అడిగితే పైనుంచి దోసిట్లో పోసేవారు. తనూ పల్లెలో అలా పోసినవాడే కాబట్టి నీలకంఠం ఏమీ అనుకునేవాడు కాదు. దోసిలి పట్టి తాగి మూతి తుడుచుకునేవాడు.

లాంతరు దించకుండా ఎవరినీ దింపలేదు మళ్ళీ. ఎంత పెద్దవాళ్ళు వచ్చి తిట్టినా గంట ఆగేవాడు. కోపంతో అరిచినవాళ్ళ ముందు చేతులు కట్టుకుని, మూత పక్కనే రోడ్డు మీద కూర్చునేవాడు. మేస్త్రీ మొండివాడైపోయాడని ఆఫీసులో అనుకున్నారు. వరహాలుకి తెలుసు అది మొండితనం కాదని. వరహాలు ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఎనభై నాలుగు అక్టోబరులో నాలుగు రోజులు విడవకుండా వాన పట్టింది. జ్ఞానాపురం వైపు రైలు వంతెన కింద గెడ్డ పూడిపోయి నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయి. అందరూ మోకాలి లోతు బురదలో దిగి పూడిక తీస్తున్నారు. మగవాళ్ళు పారలతో ఎత్తి తట్టల్లో పోస్తే ఆడవాళ్ళు గట్టు మీదికి మోస్తున్నారు. వాన జోరెక్కేసరికి అందరూ వంతెన కిందికి చేరారు. నీలకంఠం ఒక పక్కగా రాయి మీద కూర్చుంటే ఆరోగ్యమ్మ తట్ట బోర్లించి కొంచెం దూరంలో కూర్చుంది. మిగతావాళ్ళు అవతలి చివర బీడీలు కాలుస్తున్నారు.

"మేస్త్రి బాబూ, ఒక మాటడుగుతాను," అంది. "ఆ రోజు దీపం దించినారా?"

"ఏ రోజు?" అన్నాడు, ఏ రోజో తెలిసే.

"మా ఆయన పోయిన్రోజు."

వంతెన మీద గూడ్సు బండి వెళ్తోంది. అది పూర్తిగా వెళ్ళిపోయేదాకా నీలకంఠం మాట్లాడలేదు. ఆమె ఆగింది. బండి వెళ్ళిపోయాక ఇక వంక మిగల్లేదు.

"నేదు," అన్నాడు.

"వరహాలు తెత్తానన్నాడా?"

"అన్నాడు. నానే ఒద్దన్నాను. కాళ్ళు నొప్పులెట్టినాయి. బేగి ఇంటికెల్లాలనుకున్నాను."

"మరి తాగినాడని రాసినారు."

"ఆడు తాగనేదమ్మా. ఆ రోజు నేదు, దానికి ముందు ఏడాది పైన నేదు."

ఆరోగ్యమ్మ తల ఊపింది. కొత్త సంగతి విన్న మనిషిలా లేదు. "పెళ్ళాన్ని, నాకు వాసన తెలవదేటి బాబూ. నాకోసం అడగనేదు నాను. మా బావగారు జోజి ఆ కాయితాన్ని నమ్మినాడు. తమ్ముడికి పూచీ నిలబడితే పరువు తీసినాడని, ఆనాటి నుంచి మా గుమ్మం తొక్కనేదు. సమాధి కాడికి కూడా రాడు. వచ్చే నెల రెండో తారీకున, పోయినోళ్ళ సమాధుల కాడ దీపాలెట్టే ఆత్మల పండగ. ఈలోగా మీరొచ్చి ఆయనకా ముక్క సెప్పండి."

నీలకంఠం కాళ్ళకంటిన బురద రాయికి గీశాడు. "ఇన్నేళ్ళూ ఎందుకడగనేదు?"

"అడిగితే పన్లోంచి తీసేత్తారని," అంది ఆరోగ్యమ్మ. "మొన్న మా కూతురు కృపావతికి ఆసుపత్రిలో ఆయా పని దొరికినాది. ఇప్పుడు మీరు తీసేసినా తిండికి పరవానేదు."

ఈ మాట ఆమె తిట్టినట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. ఏడేళ్ళుగా తను అన్నం పెడుతున్నాననుకున్న మనిషి, ఆ అన్నం పోతుందన్న భయంతో తన ముందు నోరు మూసుకుని ఉందని నీలకంఠానికి అప్పుడు తెలిసింది. వాన తగ్గింది. ఆమె తట్ట తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పెరట్లో నీళ్ళు పోసుకుంటూ సన్యాసమ్మకి మొత్తం చెప్పాడు. ఆమె చెంబు పట్టుకుని నిలబడి వింది. చివరికి, "ఎల్లి రండి. ఎల్లకపోతే మాత్తరం మీకేటి నిద్దరడతాది?" అంది.

ఆదివారం ఉతికిన పంచె కట్టుకుని, ఆరోగ్యమ్మ దారి చూపిస్తే, జ్ఞానాపురంలో జోజి ఇంటికి వెళ్ళాడు. జోజి అప్పుడే చర్చిలో పూజ నుంచి వచ్చి తెల్లచొక్కాతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆరోగ్యమ్మ లోపలికి రాలేదు, వీధిలోనే గోడవార ఉండిపోయింది. జోజి కుర్చీ వేశాడు. నీలకంఠం కూర్చుని, లాంతరు బండిలో ఉండిపోవడం దగ్గర్నుంచి సంతకం దాకా ఒక వరసలో చెప్పాడు. ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదు. అతనూ అడగలేదు.

జోజి బరువులెత్తి ఎత్తి గట్టిపడిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "ఏడేళ్ళు నా తమ్ముణ్ణి తిట్టుకుంటన్నాను నాను," అన్నాడు. "ప్రార్దన్లో ఆడి పేరు ఎత్తనేదు. అది మీకెలగ తెలస్తాది?"

"తెలవదు," అన్నాడు నీలకంఠం.

"కాయితం మీద అబద్దం పెట్టి, నోటితో నిజం సెప్తే సరిపోద్దేటి?"

"సరిపోదు."

"అయితే రాసియ్యండి."

నీలకంఠం ఇంటికి వెళ్ళి రాశాడు. చిన్న కాగితమే. లాంతరు దించలేదని, గాలి పోయేదాకా ఆగలేదని, ఆ నిర్ణయం తనదని, ఫ్రాన్సిస్ ఆ రోజు తాగి లేడని, తను పెట్టిన పాత సంతకం అబద్ధమని. సోమవారం అది పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. శ్రీరామ్మూర్తి ఇప్పుడు అసిస్టెంటు ఇంజనీరు. జుట్టు నెరిసింది. కాగితం రెండుసార్లు చదివాడు.

"ఏడేళ్ళ కిందటి ఫైలయ్యా. ఎవడడిగాడు నిన్ను?"

"సచ్చిపోయినోడి అన్న అడిగినాడు సార్."

"నా పేరు కూడా వస్తుంది ఇందులో."

"మీ పేరు రాయనేదు. దీపం దించనోణ్ణి నాను, సంతకం పెట్టినోణ్ణి నాను."

"పెట్టించింది నేనే కదా," అన్నాడు శ్రీరామ్మూర్తి, గొంతు తగ్గించి.

"అది మీరు రాసుకోవాల సార్," అన్నాడు నీలకంఠం. అని గుమాస్తా దగ్గరికి వెళ్ళి ఇంకో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని, దాన్ని తీసుకెళ్ళి జోజి చేతికిచ్చాడు. జోజికి చదువు రాదు. కృపావతి గట్టిగా చదివి వినిపిస్తే, రెండోసారి కూడా చదవమన్నాడట. ఆత్మల పండగనాడు జోజి తన పిల్లల్నందరినీ తీసుకుని సమాధుల తోటకి వెళ్ళాడని వరహాలు చెప్పాడు. నీలకంఠం ఆ రోజు అల్లిపురంలో పనిలో ఉన్నాడు.

విచారణ మూడు నెలలు సాగింది. శ్రీరామ్మూర్తి ఏమీ రాసుకోలేదు. నీలకంఠానికి మేస్త్రీ పని తీసేసి, సముద్రం వైపు ఉన్న మురుగు పంపుహౌసులో కాపలా వేశారు. ఆరోగ్యమ్మకి రావలసిన ఉద్యోగం సంగతి గడువు దాటిపోయిందని ఫైలు తిరిగొచ్చింది. మూడేళ్ళ తర్వాత రోజుకూలీలనందరినీ ఒకేసారి పర్మనెంటు చేసినప్పుడు ఆమె పేరూ అందులో వచ్చింది. ఆ కాగితానికీ దానికీ సంబంధం లేదు.

షెడ్డులో హాజరు పుస్తకం వరహాలుకి అప్పగించిన రోజు ఆరోగ్యమ్మ దగ్గరికి వచ్చింది. "మీరు సెప్పినారు. మా బావగారు ఇంటికొత్తన్నాడు. అంతవరకూ మంచిదే," అంది. తట్ట చంకకెత్తుకుని, "నాను మిమ్మల్ని చమించేసినానని మాత్తరం అనుకోకండి బాబూ. నాకింకా అది రానేదు," అంది.

"అనుకోను," అన్నాడు నీలకంఠం.

పంపుహౌసులో కుర్చీ ఉండేది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి పని వేళ కూర్చునే ఉద్యోగం. మోటారు చప్పుడు వింటూ కూర్చుంటే అలసట తీరుతుందనుకున్నాడు, తీరలేదు. అది కాళ్ళలోది కాదేమోనని అప్పుడప్పుడు అనుమానం వచ్చేది.

ఎనభై తొమ్మిదిలో రిటైరయ్యాడు. కొడుక్కి ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఫిట్టరు పని దొరకడంతో అందరూ గాజువాకకి మారారు. కొత్తగా వేసిన వీధి, కాలవలు లేవు. మొదటి వానకే గుమ్మాల ముందు నీళ్ళు నిలిచాయి. నీలకంఠం పూర్వం ఆ పనిలో ఉండేవాడని ఎలా తెలిసిందో, వీధిలో నలుగురు పారలు పట్టుకుని వచ్చారు.

"బాబాయ్, ఎటు తవ్వితే పోతాయో కాస్త సూసి సెప్దురూ."

"ఒల్లకుండండి, ఆయనకింక ఓపిక నేదు," అంది సన్యాసమ్మ లోపల్నుంచి.

లేచి వీధిలోకి వెళ్ళే ఓపిక నిజంగానే లేదు అతనికి. అరుగు మీద కూర్చునే నీళ్ళ మీద తేలుతున్న ఆకుల్ని కాసేపు చూశాడు, అవి ఏ వైపుకి జరుగుతున్నాయో. తర్వాత చెయ్యెత్తి పడమటి వైపు చూపించి, జానెడు లోతు చాలని చెప్పాడు. వాళ్ళు తవ్వడం మొదలుపెట్టారు. వంకరగా పోతున్న చోట ఒకసారి సరిదిద్దాడు. తర్వాత గోడకి జారగిలబడి, పార మట్టిలో దిగుతున్న చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు.